ముఖమును పంచిపెట్టు వీరుడు - తకాషి యనసే శిశుకథలపై ఒక విమర్శ

1973వ సంవత్సరమున జపాను దేశపు శిశువిహారములకు ‘అన్‌పన్‌మన్’ అను పలుచని బొమ్మల పుస్తక మొకటి చేరెను. ఎడారిలో ఆకలితో సోలిపోయిన బాటసారి యొద్దకు గుండ్రని ముఖము గల వీరు డొకడు ఆకాశమార్గమున వచ్చి, తన ముఖమును తినుమని కోరును. ఆ ముఖము రొట్టెతో చేసినది. బాటసారి తిని బ్రతుకును. పిదప దారి తప్పిన బాలునకు మిగిలిన ముఖమును గూడ ఒసగి, వీరుడు తల లేనివాడై ఎగిరిపోవును. రొట్టెలు కాల్చు పెద్దాయన క్రొత్త ముఖమును చేసి యతికించును. కథ ఇంతియే.

దీనిని చూచి పెద్దలు వెఱచిరి. ముఖమును తినుట క్రూరమనియు, ఇట్టి కథ శిశువులకు తగదనియు విమర్శకులును ఉపాధ్యాయులును ఆక్షేపించిరి. పిల్లలు మాత్రము మరల మరల ఆ పుస్తకమునే కోరిరి. ఈ వివాదమున పిల్లలదే సరియైన పఠనము. పెద్దలు ముఖమనగానే రక్తమాంసములను తలంచిరి. శిశువు రొట్టెను చూచెను. రొట్టె తినుటకే గదా చేయబడినది!

రచయితయైన తకాషి యనసే అప్పటికి 54 సంవత్సరముల వాడు. 1919లో జన్మించి, ఐదేండ్ల ప్రాయమున తండ్రిని కోల్పోయి, కోచి ప్రాంతమున బంధువుల యింట పెరిగెను. రెండవ ప్రపంచయుద్ధమున సైనికుడై చైనాకు పంపబడెను. అచట ఆయన నెక్కువగా బాధించినది శత్రువు కాదు, ఆకలి. నౌకాదళమున నున్న తమ్ముడు చిహిరో యుద్ధమున మరణించెను. 1945లో ఓటమి కలుగగానే, నిన్నటివఱకు ధర్మమని బోధింపబడిన యుద్ధము అధర్మమని చెప్పబడెను. ఇట్లు తలక్రిందులయ్యెడి ధర్మమును యనసే మఱి నమ్మలేదు. ఎన్నడును తలక్రిందులు కాని ధర్మ మొక్కటియే కలదని ఆయన నిశ్చయించుకొనెను: ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట. అట్టి ధర్మమును చేయువాడు తానును కొంత నష్టపడక తప్పదని గూడ ఆయన చెప్పియున్నాడు.

1969లోనే ఇదే పేరుతో ఆయన పెద్దల పత్రికలో ఒక కథ వ్రాసెను. అందలి వీరుడు బొజ్జ గల సామాన్య మానవుడు. ఆకలితో నున్న పిల్లలకు రొట్టెలు పంచుచు ఎగురుచుండగా సరిహద్దు దగ్గఱ తుపాకులు వానిని కూల్చివేయును. ఈ రెండు కథలను ప్రక్క ప్రక్కన పెట్టి చదువవలెను. పెద్దల కథలో వీరుడు రొట్టెను పంచెను. శిశుకథలో తానే రొట్టె యయ్యెను. శిశువులకని విషయమును పలుచన చేయుట లోకమున పరిపాటి. యనసే దానిని మఱింత చిక్కబఱచెను, మరణమును మాత్రము తొలగించెను.

ఈ వీరుని పేరును గూర్చి కొంత చెప్పవలసియున్నది. ‘అన్‌పన్’ అనునది 1874లో టోక్యోలోని కిమురాయ అను అంగడివారు కనిపెట్టిన తియ్యని రొట్టె. అలసందలకు జ్ఞాతియైన ఎఱ్ఱని అజుకి గింజలను ఉడికించి, పంచదార కలిపి ముద్ద చేసి లోపల పెట్టుదురు. బూరెలోని పూర్ణమును ఎఱిగినవారికి వేఱు వర్ణన మక్కఱలేదు. ఆ పూర్ణమే ‘అన్’. ఈ మాట చైనా నుండి వచ్చినది. రొట్టె యను నర్థము గల ‘పన్’ పోర్చుగీసుల మాట. ‘మన్’ ఆంగ్లము. ఒక్క పేరులో ఇన్ని భాషలున్నను జపాను శిశువునకది ఇంటి మాటయే. పొరుగు భాషల నడుమ బ్రతుకు తెలుగు కుటుంబములవారు దీనిని గమనింపదగును. పరభాషాపదము చేరినంత మాత్రమున ఇంటి భాష చెడదు, ఇంట పలుకకపోయిన చెడును. మొదటి పుస్తకమున ఈ పేరు శిశువులు తొలుత నేర్చు హిరగాన లిపిలోనే అచ్చుపడినది. తరువాత వచ్చిన తోడి వీరుల పేర్లును భోజనపదార్థములవే: ఒకడు చదరపు రొట్టె, ఒకడు కూర పెట్టి వేయించిన రొట్టె, ఒకడు అన్నపు ముద్ద. పిల్లవాడు నోట పెట్టుకొన్న దానినే నోట పలుకుచున్నాడు.

తన దేహమునే ఆహారముగా నిచ్చు కథ తెలుగువారికి క్రొత్తది కాదు. శిబి కథను ఎఱుగనివారు అరుదు. నాగార్జునకొండ శిల్పములలోను అది కలదు. అతిథికొఱకు అగ్నిలో దుమికిన కుందేలు కథయైన శశజాతకము బౌద్ధముతో జపాను చేరి, ‘కొంజకు మొనొగతరి’ అను ప్రాచీన కథాసంపుటిలో చోటు చేసికొన్నది. యనసే వీనినుండి గ్రహించెనని చెప్పుటకు ఆధారము లేదు. భేదమే ఇచట ముఖ్యము. శిబిని దేవతలు పరీక్షించిరి. కుందేలును ఇంద్రుడు పరీక్షించెను. పరీక్ష ముగియగానే దేవత ప్రత్యక్షమై ఫలమొసగును. అన్‌పన్‌మన్‌ను పరీక్షించు దేవుడు లేడు. ఆకలిగొన్నవాడు నిజముగా ఆకలిగొన్నవాడే. ఈ వీరునికి దక్కు ఫలము మరునాటికొక క్రొత్త ముఖము; అదియును మరల పంచిపెట్టుటకే. త్యాగమిచట మహాఘట్టము కాదు, దినచర్య. అన్నము వండి వడ్డించు తల్లి పనివలె నున్నది.

1988 అక్టోబరులో ఈ కథలు టెలివిజనున కెక్కినవి, నేటికిని సాగుచున్నవి. 2009 నాటికి పాత్రల సంఖ్య 1,768కి చేరి గిన్నిస్ గ్రంథమున నమోదయ్యెను. ఇచటనే ఒక లోపము చెప్పక తప్పదు. తొలి పుస్తకమున శత్రువు లేడు. పిమ్మట ‘బైకిన్‌మన్’ అను సూక్ష్మక్రిమి దుష్టుడుగా వచ్చెను. వానిని వీరుడు పిడికిలితో గ్రుద్ది ఆకాశమున కెగురగొట్టుటతో పెక్కు కథలు ముగియును. ముఖము నిచ్చు చేయి, గ్రుద్దు చేయి ఒక్కటే యగుట తొలి కథ బలమును తగ్గించినది. పిల్లలు ఆటలో అనుకరించుటకు సులభమైనది గ్రుద్దే గదా. ఐనను ఆ క్రిమి చావడు. మఱొక కథలో మరల వచ్చును. రొట్టె పులియుటకును ఒక సూక్ష్మజీవియే కావలెను. నీటితో ముఖము తడిసినంతనే వీరుడు బలహీనుడై, వృద్ధుని సాయమునకై ఎదురుచూచును. ఇంత సులభముగా ఓడిపోవు వీరుని శిశువులు భయము లేక ప్రేమింతురు.

టెలివిజను కథలకు యనసేయే రచించిన పాట ఈ లోపమును కొంత పూరించుచున్నది. ఎందులకు పుట్టితిమి, ఏమి చేయుచు బ్రతుకవలెను అను ప్రశ్నను ఆయన మూడేండ్ల పిల్లల ముందు సంకోచము లేక ఉంచెను. 2011 మార్చి 11 నాటి భూకంపము, సముద్రపు ఉప్పెనల తరువాత ఈ పాటనే వినిపింపుమని రేడియో కేంద్రములను జనులు కోరిరి. అప్పటికి యనసే వయస్సు 92 సంవత్సరములు. రెండేండ్ల పిదప, 2013 అక్టోబరు 13న ఆయన మరణించెను.