ఉలికి ముందు గీత

ఆళ్లగడ్డ శిల్పులు ఉలి పట్టకముందే రాతిమీద కొలతల గీతలు గీసుకుంటారు. నంద్యాల వెళ్తూ వాటిని చూసినప్పుడల్లా మెదడు ఎమ్మారై బొమ్మలను సిద్ధంచేసేవాళ్లు గుర్తొస్తారు నాకు.

ఏ ఇద్దరి తలలూ ఒక్కలా ఉండవు. రోగులను ఆరోగ్యవంతులతో పోల్చాలంటే ముందు పుర్రెను చెరిపేయాలి, గ్రే మ్యాటర్‌ను వేరుచేయాలి, ప్రతి మెదడునూ ఒకే నమూనాకు సరిపెట్టాలి. స్కానర్లో మనిషి కాస్త కదిలితే చాలు, బొమ్మలో అంచుల చుట్టూ అలలు లేస్తాయి. అది కనిపెట్టకపోతే, చేతులు వణికే రోగికి మెదడు పొరే పలచబడిందని లెక్క తేలిపోవచ్చు. అందుకే వందల బొమ్మలనైనా ఒక్కొక్కటిగా కళ్లతో చూస్తారు. ఆ ఓపికకు దణ్ణం పెట్టాలి!

చాలాకాలం ఆ నమూనా మాంట్రియల్‌లో పాశ్చాత్యుల మెదళ్లతో తయారైనదే. 2019లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ బృందం 100 మంది భారతీయుల స్కాన్లతో మన మెదడు నమూనా (అట్లాస్) తెచ్చింది. సగటున పాశ్చాత్యుల మెదడుకన్నా మనది కాస్త చిన్నదని చూపింది. ఇక మనవాళ్ల మెదడును పరాయి చట్రానికి అంతగా సాగదీయక్కర్లేదు.