కొత్తదే కొనండి, కానీ విల్లే కొనండి

బొర్రా గుహల్లోంచి మెట్లెక్కి బయటికొచ్చిన వాళ్లకు ముందు తగిలేది బొంగు చికెన్ పొగ. ఆ పొగ దాటితే దుకాణాల వరస. తేనె సీసాలు, కాఫీ పొడి, వెదురు బుట్టలు, వాటి పక్కన మేకుకు వేలాడుతూ విల్లంబులు. ఎర్రదారం చుట్టి, వార్నిషు పూసి, చూడముచ్చటగా ఉంటాయి. పిల్లాడు మారాం చేస్తాడు, తండ్రి బేరమాడి కొంటాడు, విశాఖ చేరేలోపు నారి ఊడిపోతుంది. బొమ్మే కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

కొందరు మాత్రం అక్కడితో ఆగరు. "ఇవి కాదు అన్నా, అసలుది ఉందా? మీ తాతల నాటిది?" అని అడుగుతారు. అడిగేవాళ్ల సరదా అర్థమవుతుంది. కానీ తాతల నాటి విల్లు కోసం వెతకడం దండగ అనేదే నా అభిప్రాయం.

పాతదే అసలుదనే లెక్క ఇనుము విషయంలో చెల్లుతుంది. అమెరికాలో 1873లో వచ్చిన కోల్ట్ రివాల్వర్‌నే తీసుకోండి. ప్రతిసారీ బొటనవేలితో గుర్రాన్ని వెనక్కి లాగి పేల్చే రకం అది. నూటయాభై ఏళ్లనాటి తుపాకులు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. వాటి మీద ముద్రలూ నంబర్లూ చూసి ధర కడతారు. అయితే నల్ల తుపాకిమందు రోజుల్లో చేసిన ఆ తుపాకుల్లో ఇవాళ్టి తూటా పెట్టి పేల్చడం ప్రమాదం. అందుకే అద్దాల బీరువాలో పెట్టుకునేవాడు పాతది కొంటాడు, గురి చూసి కాల్చాలనుకునేవాడు ఇటలీలో తయారైన నకలు కొంటాడు.

వెదురుకు ఆ ఆయుష్షు లేదు. వాడేకొద్దీ విల్లు వంగిన చోటే వంగిపోయి, నారి విప్పినా తిన్నగా లేవదు. తేమకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది, ఏమరిస్తే పుచ్చు పడుతుంది. వేటగాడు పాత విల్లు పక్కన పడేసి కొత్తది చెక్కుకునేవాడు. వందేళ్ల విల్లంటూ ఎవరైనా చూపిస్తే అనుమానించాల్సిందే. ఒకవేళ ఏ ఇంటి గోడకో నిజంగానే పాత విల్లు ఉంటే, అది ఆ ఇంటిది. డబ్బు చూపించి దించమనడం మర్యాద కాదు. కొండ విల్లు గొప్పతనం వయసులో లేదు, చేసిన తీరులో ఉంది. ఆ తీరు తెలిసిన చెయ్యి నిన్న చేసినా అది అసలుదే.

ఆ తీరు బొంగు దగ్గర మొదలవుతుంది. లోపల డొల్ల తక్కువగా ఉండే గట్టి వెదురు కావాలి. ఏడాది బొంగు నిటారుగా, పచ్చగా కళ్లకు ఇంపుగా ఉంటుంది గానీ పీచు ముదరదు. మూడు నాలుగేళ్లదైతే మేలు. కొట్టే కాలమూ చూసుకోవాలి. వానలు వెళ్లి చలి పడ్డాక బొంగులో పిండి పదార్థం తగ్గుతుంది. పుచ్చు పురుగు వచ్చేది ఆ పిండి కోసమే కాబట్టి, చలికాలంలో కొట్టిన వెదురు దానికి రుచించదు. కొట్టిన బొంగును నీడన ఆరబెట్టాలి. పొయ్యి పైన అటక మీద పెడితే పొగ పట్టి పురుగు మరింత దూరంగా ఉంటుంది.

ఇక చెక్కడం. వెదురు బలమంతా పైతోలును అంటుకున్న పీచులోనే ఉంటుంది, లోపలికి వెళ్లేకొద్దీ మెత్తన. అందుకే తెలిసినవాడి కత్తి లోపలి వైపే నడుస్తుంది, పైతోలు జోలికి పోదు. కణుపుల దగ్గర మరీ జాగ్రత్త. అందం కోసం కణుపును చదును చేస్తే అక్కడి పీచు తెగుతుంది, విల్లు విరిగేదీ అక్కడే. ఇంకో చిక్కుంది. బొంగు మొదట్లో లావు, చివర సన్నం. దాన్ని ఉన్నదున్నట్టు వంచితే సన్నటి సగం ఎక్కువ వంగి, లావుపాటి సగం మొరాయిస్తుంది. రెండు సగాలూ సమంగా వంగేదాకా లావు వైపు కొంచెం కొంచెంగా తీస్తూ, వంచి చూస్తూ, మళ్లీ తీస్తూ పోవాలి. ఒక పొర ఎక్కువ తీశాడా, ఇక అతికించేది లేదు. విల్లు చేయడంలో ఓపికంతా ఖర్చయ్యేది ఇక్కడే.

నారి కూడా వెదురే. మధ్య భారతపు అడవుల్లో చాలాచోట్ల సన్నటి వెదురు బద్దనే నారిగా కడతారు. పట్నం మనిషి దాన్ని చూసి తాడు దొరకక కట్టారనుకుంటాడు. కానీ ఆ బద్ద సాగదు. సాగే నైలాన్ తాడు లాగిన బలంలో కొంత తనే మింగేస్తుంది. సాగని బద్ద వచ్చిన బలాన్ని బాణానికి అప్పగిస్తుంది.

బాణం సంగతి విల్లు కంటే సూక్ష్మం. వదిలిన క్షణంలో బాణం తిన్నగా పోదు. వెనక నుంచి నారి తోస్తుంటే ముందు బరువుకు కర్ర ఓసారి అటూ ఓసారి ఇటూ వంగుతూ, విల్లును తప్పించుకుని, ఆ తర్వాత దారిన పడుతుంది. కర్ర మరీ బిరుసైతే ఒక పక్కకు, మరీ మెత్తనైతే రెండో పక్కకు కొడుతుంది. కాబట్టి ఏ బాణం పడితే ఆ బాణం ఏ వింటికి పడితే ఆ వింటికి నప్పదు. ఒలింపిక్స్ క్రీడాకారులు కార్బన్ బాణాలను అంకెలు చూసి ఎంచుకునేదీ ఈ కారణానికే. కొండ మీద వేలితో వంచి చూసి తేలుస్తారు. మొనకు ఇనుప ములుకు కావాలంటే కొలిమి ఉండాలి. మన్యంలో ఆ పనికి కొండ కమ్మరులున్నారు, షెడ్యూల్డు తెగల జాబితాలో కమ్మర పేరుతో ఉన్నవాళ్లే. కత్తీ గొడ్డలీ నాగలి కర్రూ చేసే కొలిమి నుంచే ములుకులూ వచ్చేవి.

ఈ వెదురు బద్దను తక్కువగా చూడొద్దని చెప్పడానికి తెల్లదొరల చట్టమే సాక్షి. 1878 ఆయుధ చట్టం ఆయుధాలంటే ఏవో చెబుతూ తుపాకులు, బాయ్‌నెట్లు, కత్తులు, బల్లేలతో పాటు విల్లంబులనూ చేర్చింది. మన్యంలో తిరుగుబాటు రేగినప్పుడు ఆ చేర్పు ఎందుకో తెలిసొచ్చింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, వరసగా మూడు పోలీసు స్టేషన్ల మీద పడి అల్లూరి సీతారామరాజు దళం పట్టుకుపోయింది తుపాకులనే. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు ప్రాణాలు కోల్పోయారు. తుపాకులు దొరికినా తూటాలు అయిపోతాయి. బాణాలు చేసుకోవడానికి అడవి ఉంది. ఇవాళ ఊరూరా రాజు విగ్రహం చేతిలో విల్లు నిలబడిందంటే అది శిల్పి అలంకారం మాత్రమే కాదు.

విల్లుకు పండుగా ఉంది. చైత్రంలో అరకు, పాడేరు వైపు ఇటుకల పండుగ జరుగుతుంది. విత్తనాలకు పూజ చేస్తారు, మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా నిలబడి వచ్చేపోయే బళ్ల దగ్గర పైకం వసూలు చేస్తారు, రాత్రికి థింసా నాట్యం. వట్టిచేతులతో తిరిగొచ్చిన వేటగాడికి ఎగతాళి తప్పదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. కనుక వేట కోసమే పుట్టిన పనితనం ఇప్పుడు ఆచారంగా, ఆటగా, పర్యాటకుల బేరంగా మిగిలింది. ఈ మూడింటిలో దానికి కూడు పెట్టగలిగేది చివరిదే. అందుకే కొనేవాళ్లకు చూపు ఉండాలంటాను.

ముందు అరకులోయ గిరిజన మ్యూజియానికి వెళ్లి అక్కడి వేట సామాను చూడండి. తర్వాత దుకాణానికి వచ్చి, విల్లును చేతిలోకి తీసుకుని కొస నుంచి కొసకు ఒంటికన్నుతో చూడండి. నారి నడుమ గీతలా సాగాలి. పక్కకు ఒరిగితే విల్లు మెలిక తిరిగినట్టే. కొద్దిగా లాగి రెండు సగాల వంపూ పోల్చండి. కణుపుల దగ్గర గోటితో తడమండి, లోపలి వైపు అడ్డంగా సన్నటి ముడతలేమైనా కనిపిస్తే పక్కన పెట్టేయండి. దట్టంగా వార్నిషు పూసిన దాన్ని నేనైతే నమ్మను, దాని కింద ఏ బీట ఉందో తెలియదు. బాణాన్ని చదునైన బండ మీద దొర్లించండి. ఎగిరెగిరి దొర్లితే కర్ర వంకర. ములుకు రేకు ముక్కా, కొలిమి ఇనుమా చూడండి. దాని తోకను కర్రలోకి దింపి నారతో బిగించి ఉంటే పనివాడి చెయ్యి పడ్డట్టు. ఒక్క మాట: బాణం పెట్టకుండా నారి లాగి వదలొద్దు. బాణం తీసుకోవాల్సిన బలమంతా విల్లే భరించి పగులుతుంది.

విలువిద్య నేర్చుకోవాలన్నదే మీ కోరికైతే ఈ విల్లు మీకు కాదు. వెదురు, కొయ్య విళ్లతోనే మన దేశంలో ఇండియన్ రౌండ్ పోటీలున్నాయి, లక్ష్యం 30, 50 మీటర్లలో ఉంటుంది. దానికి కొలత ప్రకారం చేసిన విళ్లు బజారులో దొరుకుతాయి. విజయవాడ ఓల్గా అకాడమీ లాంటి చోట గురువు చేతి కింద మొదలుపెట్టడం మంచిది. రాజస్థాన్ అడవిలో వెదురు విల్లు పట్టిన లింబారామ్ 1980లలో స్పోర్ట్స్ అథారిటీ కంటపడి ఒలింపిక్స్ దాకా వెళ్లాడు. ఆయనా మొదట్లోనే విల్లు మార్చుకోవాల్సి వచ్చింది.

ఇంటికి తెచ్చుకున్నాక నారి విప్పి ఉంచండి. ఏసీ గాలికీ కిటికీ ఎండకూ దూరంగా, అడ్డంగా రెండు మేకుల మీద పెట్టండి. విమానంలో అయితే చేతిసంచిలో రానివ్వరు, లగేజీలో వేయాలి.

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, దాని మీద హక్కు అడవిలో బతికేవాళ్లకిచ్చింది. బొంగు వాళ్లది, పని వాళ్లది, ధర చెప్పే హక్కూ వాళ్లదే. బుట్టల దగ్గర చేసే బేరం విల్లు దగ్గర చేయకండి. దుకాణంలో మంచిది లేకపోతే చేసేవాడెవరో కనుక్కుని, చలికాలంలో చెప్పి, వేసవికి వెళ్లి తెచ్చుకోండి. ఆ రోజే కావాలని తొందరపెడితే మీకు దొరికేది పచ్చి వెదురు విల్లే.