నెట్ లేని ఊళ్ళో ఆడే ఆట

గేములు సేకరించడం గురించి రాసేవాళ్ళు ఎక్కువగా షెల్ఫుల గురించే రాస్తారు. ఏ బాక్స్ అరుదు, దేనికి రేటు పెరుగుతుంది, దేని సీల్ విప్పకూడదు, ఇవే కబుర్లు. 2021లో సీల్ విప్పని ఒక సూపర్ మారియో 64 వేలంలో పదిహేను లక్షల డాలర్లు దాటింది. ఆ కార్ట్రిడ్జ్‌ని ఇక ఎవరూ ఆడరు. ఆడని ఆటని ఆట అనొచ్చా అన్నది నాకు నిజంగా వచ్చే సందేహం. కన్సోల్ గేమ్ కొనేటప్పుడు నేను వేసుకునే ప్రశ్న మాత్రం ఒక్కటే: ఇది అక్కుపల్లిలో ఆడుతుందా?

అక్కుపల్లి మా ఊరు. పలాస నుంచి సముద్రం వైపు వెళ్తే జీడితోటలు, కొబ్బరితోటలు దాటాక వస్తుంది. నేనుండేది హైదరాబాదులో, ఫైబర్ కనెక్షన్ ఉన్న ఫ్లాట్‌లో. అద్దె ఇంట్లో జాగా లేక డిస్కులన్నీ ఊళ్ళోనే పెట్టాను. 2018 అక్టోబరు 11న తిత్లీ మా తీరం మీదే విరుచుకుపడింది. ఉద్దానంలో చెట్లతో పాటు స్తంభాలూ పడిపోయాయి, చాలా ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. అలాంటప్పుడు ఎవరికైనా గేమ్ గుర్తొస్తుందా అంటారేమో. రాదు. కానీ ఏ వస్తువు మన ఇంట్లో ఉంది, ఏ వస్తువు ఎక్కడో సర్వర్‌లో ఉండి మనకి ఉన్నట్టు కనిపిస్తోంది అన్నది అప్పుడే తేలుతుంది.

గాలి వీయకపోయినా అదే జరుగుతోంది. 2014లో వచ్చిన ‘ది క్రూ’ని ఒంటరిగా ఆడాలన్నా సర్వర్ కావాలి. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, డిస్కు ఇంట్లో ఉన్నవాళ్ళకీ ఆట లేకుండా పోయింది. ‘కాంకర్డ్’ అయితే మరీను, 2024 ఆగస్టు 23న వచ్చి సెప్టెంబరు 6న వెళ్ళిపోయింది. డబ్బులు తిరిగిచ్చారు, నిజమే. విమర్శ రాసేవాడికి తిరిగిచ్చిన డబ్బుతో ఏం పని? చర్చించడానికి ఆ ఆటే లేదు.

అందుకే డిస్కు ఉంటే చాలదు, ఆట మొత్తం డిస్కులోనే ఉందా అన్నది చూస్తాను. 2025లో స్విచ్ 2తో పాటు ‘గేమ్-కీ కార్డ్’ అని వచ్చింది. కార్డులో తాళంచెవి మాత్రమే ఉంటుంది, ఆట డౌన్‌లోడ్ చేసుకోవాలి. దాని జోలికి పోను. 2019లో స్విచ్‌కి వచ్చిన ‘ది విచర్ 3’ రెండు ఎక్స్‌పాన్షన్లతో సహా 32 జీబీ కార్డులో పట్టింది. బొమ్మ కొంచెం మసగ్గా ఉన్నా అలాంటిదే కొంటాను. కొత్త గేమ్ విడుదల రోజున కొనను. ఏడాది ఆగితే ప్యాచ్‌లన్నీ కలిపిన ఎడిషన్ వస్తుంది, ఐదు వేలు పెట్టాల్సిన చోట సగం కూడా అవ్వదు.

సెకండ్‌హ్యాండ్‌కి నాకేం నామోషీ లేదు. పలాసలో పుట్టి పెరిగిన ఎవరికైనా గుండు జీడిపప్పుకో రేటు, బద్దకో రేటు అని తెలుసు. పాయసంలో పడ్డాక రుచి ఒక్కటే. బాక్స్ లేని డిస్కు బద్ద లాంటిది. నేను బద్దలే కొంటాను.

కాకపోతే సముద్రపు గాలితో గొడవ. కార్ట్రిడ్జ్ పిన్నులకి ఉప్పుగాలి పడదు. మూతపెట్టె, సిలికా జెల్ సంచులు, పిన్నులు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉండాల్సిందే. పాత గేమ్‌బాయ్ పోకెమాన్ కార్ట్రిడ్జ్‌లలో సేవ్ ఫైల్ చిన్న బిళ్ళ బ్యాటరీ మీద బతుకుతుంది. అది అయిపోతే ఆట ఉంటుంది, మీరు ఆడిన ఆట ఉండదు.

ఇవన్నీ మంచి గేములకి. రెండు డిస్కుల దగ్గరికొచ్చేసరికి మాత్రం నా లెక్కలన్నీ పక్కన పెట్టేస్తాను. రెండూ 2009వి, రెండూ హైదరాబాదు కంపెనీలు చేసినవి. ఒకటి ఆరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2కి చేసిన ‘హనుమాన్: బాయ్ వారియర్’. రెండోది గేమ్‌శాస్త్ర చేసిన ‘దేశీ అడ్డా’, ప్లేస్టేషన్ 2కీ పీఎస్‌పీకీ వచ్చింది. హనుమాన్ వచ్చినప్పుడు దేవుణ్ణి జాయ్‌స్టిక్‌తో ఆడించడమేంటని అమెరికా నుంచి రాజన్ జెడ్ అభ్యంతరం చెప్పారు. తోలుబొమ్మలాటలో హనుమంతుణ్ణి పుల్లలతో ఆడించి, ఆయన చేత హాస్యం కూడా చెప్పించిన జాతి మనది, ఆ అభ్యంతరం నాకు అంటదు. నా ఫిర్యాదు వేరే. బొమ్మలాటగాడి చేతిలో హనుమంతుడికి ఒక నడక ఉంటుంది, గొంతు ఉంటుంది. ఈ ఆటలో హనుమంతుణ్ణి తీసేసి ఏ దేశపు కుర్రాణ్ణి పెట్టినా తేడా తెలీదు. ‘దేశీ అడ్డా’లో కబడ్డీ ఉంది, కర్రాబిళ్ళ ఉంది. కానీ కబడ్డీ అంటే కూత, కూత అంటే ఊపిరి. ఊపిరి తెగిపోతుందన్న భయం బటన్‌లోకి దిగలేదు.

మరి ఎందుకు దాచడం? అమెరికాలో విడుదలైన పాత గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకవని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తేల్చింది. అక్కడ కనీసం లెక్కపెట్టేవాళ్ళున్నారు. మన ఊళ్ళ కుర్రాళ్ళు టెర్మినేటర్ డబ్బాలో పసుపు కార్ట్రిడ్జ్ పెట్టి మారియో, కాంట్రా ఆడుతూ పెరిగారు. ‘9999999 ఇన్ 1’ అని మీద రాసుంటుంది, లోపల తిప్పి తిప్పి అవే ఆటలు. పైరసీయే. ఆ తరం నుంచి కొందరు హైదరాబాదులో కూర్చుని సొంతంగా కన్సోల్ గేమ్ చేస్తే ఎలా ఉందో, ఎక్కడ తడబడిందో చూడాలంటే ఆ రెండు డిస్కులే ఆధారం. చెత్త నవలైనా మొదటి ముద్రణ లైబ్రరీలో ఉండాలంటాం కదా, ఇదీ అంతే. పసుపు కార్ట్రిడ్జ్‌లు కూడా పారెయ్యకండి.

వెతికేవాళ్ళకి ఒక మాట. మన దేశంలో అమ్మిన ప్లేస్టేషన్ 2 డిస్కులు ప్యాల్‌వి, అమెరికాలో కొన్న ప్లేస్టేషన్ 2లో ఆడవు. అట్లాంటాలోనో డాలస్‌లోనో ఉన్నవాళ్ళు ‘దేశీ అడ్డా’ కావాలనుకుంటే పీఎస్‌పీ డిస్కు చూసుకోండి, దానికి ఆ ప్రాంతాల గొడవ లేదు.