కొండల లెక్క రాసేవాళ్లు

తెలుగు వికీపీడియాలో కొండ పేజీ తెరిస్తే పక్కన ఒక పెట్టె ఉంటుంది: ఎత్తు, అక్షాంశ రేఖాంశాలు, శ్రేణి, ఆధారం. జీతం లేకుండా అది నింపేవాళ్లంటే నాకు ఎనలేని గౌరవం.

మార్కాపురం, గిద్దలూరుల పడమటి నల్లమలనే తీసుకోండి. పాత గెజిటీర్లలో ఎత్తులు అడుగుల్లో ఉంటాయి. 0.3048తో గుణించి మీటర్లలోకి తేవాలి. సుమారు మూడు వేల అడుగులని ఉన్నచోట 914.4 అని రాయకూడదు. ఆ దశాంశం లేని కచ్చితత్వాన్ని అంటగడుతుంది. అక్షాంశంలో ఒక్క నిమిషం తప్పితే గుర్తు దాదాపు 1.85 కిలోమీటర్లు జరిగిపోతుంది, శిఖరం కాస్తా లోయలో పడుతుంది. గుండ్లకమ్మ పుట్టేది గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర కొండల్లో; నది పేజీ, కొండ పేజీ ఒకే మాట చెప్పాలి.

ఇక జిల్లా గడి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా ఈ తాలూకాలు కర్నూలువి. రెండేళ్లకు దానికి ప్రకాశం పేరొచ్చింది. కొండ కదల్లేదు, గడి మారింది. అందుకే మంచి రాతగాడు పుస్తకంతోపాటు అది అచ్చయిన సంవత్సరమూ చూస్తాడు.

మీ ఊరి కొండకు పేజీ లేకపోతే మీరే మొదలుపెట్టండి. ఎత్తు తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదలండి, ఊహించి మాత్రం రాయొద్దు.