పావురం రెక్కలు ముడిచే వేళ

జపాన్‌లో టీవీ కేంద్రం రాత్రి ప్రసారం ఆపేయాలన్నా ఒక నిబంధన ఉంది. మొదలుపెట్టేటప్పుడూ ముగించేటప్పుడూ కేంద్రం తన కాల్‌సైన్ చెప్పుకోవాలి. అనలాగ్ రోజుల్లో టోక్యోలోని ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే అయితే జేఓఏకే-టీవీ, ప్రైవేటు కేంద్రం నిప్పాన్ టెలివిజన్ అయితే జేఓఏఎక్స్-టీవీ. చట్టం అడిగింది ఆ ఒక్క ముక్కే. ఆ పొడిమాటకు అక్కడి కేంద్రాలు సంగీతం కట్టాయి, బొమ్మ గీశాయి, మర్యాద నేర్పాయి. ఇప్పుడు నడివయసు దాటిన జపనీయులు బెంగపడేది ఆ రెండు మూడు నిమిషాల కోసమే.

1953 ఫిబ్రవరి 1న ఎన్‌హెచ్‌కే టీవీ మొదలైన రోజు నమోదైన సెట్లు 866. జనం వీధి కూడళ్లలో పెట్టిన టీవీల ముందు గుమిగూడి కుస్తీలు చూసేవారు. 1959 ఏప్రిల్‌లో యువరాజు పెళ్లి నాటికి టీవీ ఇంట్లోకి వచ్చేసింది. వచ్చి ఎక్కడ కూర్చుంది? 'చానోమా'లో. ఇంటిల్లిపాదీ తినేదీ, కబుర్లు చెప్పుకునేదీ ఆ చాప పరిచిన గదిలోనే. చిన్న ఇళ్లలో రాత్రికి అదే గదిలో పొట్టి బల్లను గోడకు జరిపి పరుపులు పరిచేవారు. టీవీ మాట్లాడుతున్నంతసేపూ పక్క వేయడం కుదరదు. నాలుగు కాళ్ల మీద నిలబడ్డ ఆ పెట్టెకు చాలా ఇళ్లలో ముందు ఒక గుడ్డ తెర కూడా ఉండేది. ప్రసారం అయిపోయాక దాన్ని దించితేనే టీవీ కట్టేసినట్టు లెక్క.

ఆ ముగింపులో నిజంగా పనితనం ఉంది. ఎన్‌హెచ్‌కేది గంభీరమైన పద్ధతి: ఎగిరే జెండా, జాతీయ గీతం. నిప్పాన్ టెలివిజన్ పావురాన్ని నమ్ముకుంది. పొద్దున పావురం రెక్కలు విప్పుతుంది, రాత్రి ముడుచుకుంటుంది. అంత చిన్న బొమ్మలో రోజంతా ఇమిడిపోయింది. చదవడం రాని పసివాడికి కూడా అర్థమవుతుంది, ఇక పడుకోవాలని. నెమ్మదైన సంగీతం, తొందరలేని గొంతు, నేటి ప్రసారాలు ఇంతటితో సమాప్తమంటూ వినయంగా ఒక మాట. నాకు వీటిలో పావురమే ఇష్టం. జెండా చూస్తే నిటారుగా కూర్చోవాలనిపిస్తుంది, పడుకోబుద్ధి కాదు.

ఆ తర్వాత ట్రాన్స్‌మిటర్ ఆగేది. తెర మీద చుక్కల హోరు. జపనీయులు దాన్ని 'సునా అరాషి', అంటే ఇసుక తుఫాను అంటారు. యాంటెన్నాకు కేంద్రం దొరకనప్పుడు సెట్టు తనలోని, గాలిలోని విద్యుత్ గోలనంతా పెద్దది చేసి చూపిస్తుంది. అందులో కొద్దిపాటి వాటా విశ్వం పుట్టిన కొత్తలో వెలువడిన వికిరణానిది కూడా. పిల్లలకు అది తెలియదు, భయం మాత్రం తెలుసు. 1998లో వచ్చిన 'రింగ్' సినిమా ఆ భయాన్నే బాగా సొమ్ము చేసుకుంది.

ముగింపు వేళ అందరికీ ఒకటి కాదు, ఎప్పటికీ ఒకటీ కాదు. 1965లో మొదలైన '11 పీఎం' లాంటి కార్యక్రమాలు మగవాళ్లను అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టాయి. చమురు సంక్షోభం వచ్చి 1974లో కరెంటు ఆదా కోసం కేంద్రాలు పెందలాడే మూతబడ్డాయి. ఎన్‌హెచ్‌కే అయితే పదకొండుకే. తర్వాత డబ్బు పెరిగింది, రాత్రి వ్యాపారమైంది. 1987లో ఫ్యూజీ టెలివిజన్ ఇరవై నాలుగు గంటల ప్రసారానికి దిగింది, మిగతా కేంద్రాలూ అదే దారి పట్టాయి. 2011 జూలై 24న దేశంలో చాలాచోట్ల అనలాగ్ ప్రసారాలు నిలిచిపోయాయి. ఆ ఏడు భూకంపం, సునామీలకు దెబ్బతిన్న మూడు జిల్లాల్లో మాత్రం మరుసటి ఏడు మార్చి దాకా నడిచాయి. డిజిటల్ సెట్టులో కేంద్రం లేకపోతే ఒక వాక్యం కనిపిస్తుంది, ఇసుక రాలదు.

పాత రోజులన్నీ బంగారమని నేను అనను. ఆ గదిలో ఏం చూడాలో, ఎప్పుడు కట్టేయాలో సాధారణంగా నాన్నే చెప్పేవాడు. పావురం వచ్చేసరికి అమ్మకు ఇంకా పాత్రలు మిగిలే ఉండేవి. అయినా పెట్టె తనంతట తానే 'చాలు' అనడం ఇంటివాళ్లకు పెద్ద సాయం. పడుకోమని పోరే పని ఎవరికీ పడలేదు. ఇప్పుడు ఒక ఎపిసోడ్ అయ్యేలోపు తర్వాతిది దానంతటదే మొదలవుతుంది. దాన్ని ఆపే భారమంతా నిద్రమత్తులో ఉన్న మనిషి మీదే పడింది.

రాత్రి ప్రసారం ఆపే అలవాటు పూర్తిగా పోలేదు. యంత్రాల మరమ్మతు కోసం చాలా జపాన్ కేంద్రాలు ఇప్పటికీ ఆదివారం అర్ధరాత్రి దాటాక కొన్ని గంటలు ప్రసారం ఆపుతాయి.