దక్కను నేల మీద కడలి చదువు

హైదరాబాద్ శివారులోని మా బాచుపల్లి నుంచి ఉత్తరంగా పది కిలోమీటర్ల దూరాన దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉంది. 1967లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ దానికి శంకుస్థాపన చేశారు. ఈ వైపు ఆకాశంలో చక్కర్లు కొట్టే చిన్న ప్రొపెల్లర్ విమానాలు అక్కడివే. వాటిని నడుపుతున్నవాళ్లలో కొందరు నౌకాదళం వాళ్లని మా దగ్గర చాలామందికి తెలియదు. సముద్రం చూడాలంటే దాదాపు 300 కిలోమీటర్లు పోవాల్సిన చోట, ఓడ మీద వాలబోయే పైలట్లకు ఓనమాలు దిద్దిస్తున్నారు.

విమానాలు మారాయి. 2009లో హెచ్‌పీటీ-32 దీపక్‌లను ఆపేశారు, 2013లో స్విట్జర్లాండ్ నుంచి పిలాటస్ పీసీ-7లు వచ్చాయి. నేర్పే తీరు మాత్రం పాతదే. ఒకే విమానంలో శిష్యుడూ, గురువూ. గురువు ఉన్నట్టుండి థ్రాటిల్ తగ్గించి, ఇంజిన్ ఆగిపోయిందనుకో అంటాడు. ఎక్కడ దించుతావు? ఆ పొలంలోనా, ఈ చెరువు పక్కనా? ఆలోచిస్తుండగానే ఎత్తు తరిగిపోతుంది. కావాలని విమానాన్ని గింగిరాలు తిరగనిచ్చి, అందులోంచి బయటపడటమూ నేర్పుతారు. ఆపద వచ్చిన రోజున చేతికి అది కొత్త పని కాకూడదు.

ఇంతవరకూ అందరికీ ఒకే చదువు. నౌకాదళం అసలు చదువు, నేర్చుకున్న అలవాటును మానుకోవడంతో మొదలవుతుంది. నా దృష్టిలో ఈ విద్య గొప్పతనమంతా అక్కడే ఉంది.

రన్‌వే మీద దిగేటప్పుడు చివరి క్షణంలో ముక్కు కాస్త ఎత్తి, మెత్తగా దించుతారు. ఓడ మీద అది కుదరదు. డెక్‌కు అడ్డంగా కట్టిన ఉక్కు తాళ్లలో ఒకదాన్ని విమానం తోక కింది కొక్కెం పట్టుకోవాలి. మన విమానవాహక నౌక విక్రమాదిత్య మీద అలాంటి తాళ్లు మూడే. ముక్కు ఎత్తితే వాటిని దాటి తేలిపోవడం ఖాయం. అందుకే దిగే వాలును చివరిదాకా మార్చకుండా డెక్‌ను తాకించాలి. చూపు నిలపాల్సింది డెక్ పక్కనున్న దీపాల మీద. నడిమి వెలుగు పచ్చ దీపాల వరుసకు సమానంగా కనిపిస్తే వాలు సరిగ్గా ఉన్నట్టు, పైకి పోతే ఎత్తు ఎక్కువైనట్టు, కిందికి జారితే తక్కువైనట్టు. ఈలోగా ఓడ ముందుకు పోతూనే ఉంటుంది. వాలే దారి దానికి ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పక్కకు జరిగిపోతుంటుంది. చక్రాలు తగలగానే ఇంజిన్ తగ్గించమని అలవాటు చెబుతుంది. పైలట్ మాత్రం పూర్తి శక్తి ఇవ్వాలి. కొక్కెం తప్పితే ఆ శక్తితోనే మళ్లీ గాల్లోకి లేవాలి.

దీన్ని మొదట నేల మీదే, రన్‌వే మీద డెక్‌ను గుర్తుగా గీసి, పదేపదే చేయిస్తారు. ప్రతి వాలడాన్నీ ఒక అధికారి పక్కన నిలబడి చూస్తాడు, తర్వాత తప్పులు చెబుతాడు. ఒకప్పుడు ఆయనా అలా చెప్పించుకున్నవాడే.

మన నౌకాదళ జెట్ శిక్షణ కోయంబత్తూరు దగ్గరి సూలూరులో వాంపైర్ విమానాలతో మొదలై, 1964లో గోవాకు మారింది. ఐఎన్‌ఏఎస్ 551 స్క్వాడ్రన్ ఆ శిక్షణకు ఇల్లు. 1961 మే 18న విమానవాహక నౌక విక్రాంత్ మీద తొలి జెట్‌ను దించిన లెఫ్టినెంట్ తహిల్యానీ తర్వాత నౌకాదళాధిపతి అయ్యారు. 1971 డిసెంబరు యుద్ధంలో ఆ విక్రాంత్ నుంచి లేచిన సీ హాక్ జెట్‌లు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌లపై దాడి చేశాయి. చరిత్రలు ఆ దాడినే వర్ణిస్తాయి. అవి తిరిగొచ్చి కదిలే ఓడ మీద వాలడమే నాకు పెద్ద సంగతి.

ఈ విద్యకు చెల్లించే మూల్యాన్ని హైదరాబాద్ కళ్లారా చూసింది. 2010 మార్చి 3న బేగంపేట విమాన ప్రదర్శనలో, నౌకాదళ విన్యాస బృందం సాగర్ పవన్‌కు చెందిన కిరణ్ శిక్షణ విమానం బోయినపల్లిలో కూలింది. కమాండర్ ఎస్.కె. మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ చనిపోయారు. ఆ రెండు పేర్లు ఈ నగరం గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు ఈ శిక్షణలో ఒక అంచె మన తీరానికి వచ్చింది. విశాఖలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగలో హాక్ జెట్లపై కోర్సు ముగించి, 2025 జూలై 3న సబ్ లెఫ్టినెంట్ ఆస్థా పూనియా పైలట్ గుర్తు అయిన బంగారు రెక్కలు అందుకున్నారు. నౌకాదళ ఫైటర్ విభాగంలో అడుగుపెట్టిన తొలి మహిళ ఆమె. మన హాక్‌లకు తోక కొక్కెం ఉండదు. ఆ పాఠం గోవాలోని ఐఎన్‌ఎస్ హంసలో నేర్పుతారు: నేల మీదే కట్టిన చివర పైకి వంగిన రన్‌వే నుంచి లేవడం, తాళ్లను పట్టుకుని ఆగడం, ఆ తర్వాతే ఓడ.