స్టిక్కు మొరాయిస్తే

తొంభైల్లో తెలుగు ఊళ్లలో బస్టాండు పక్కనో సినిమా హాలు ఎదురుగానో ఓ వీడియో గేమ్ షాపు ఉండేది. ఖమ్మం, కొత్తగూడెం వైపు పెరిగినవాళ్లకూ ఆ చీకటి గది, రూపాయి కాయిన్, వెనక నిలబడి సలహాలిచ్చే గుంపు గుర్తుండే ఉంటాయి. క్యాప్‌కామ్ కంపెనీ 1993లో తెచ్చిన 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' మన పిల్లలందరికీ 'ముస్తఫా గేమ్'. ఆ ఆటల గురించి చెప్పుకున్నంతగా వాటి వెనక చేతుల గురించి మనం చెప్పుకోలేదు. పొద్దున్నుంచీ పిల్లలు గుంజి గుంజి పాడుచేసిన జాయ్‌స్టిక్కును సాయంత్రం బేరానికల్లా బాగుచేసి పెట్టిన మెకానిక్కులు వాళ్లు. ఇవాళ పాత సెగా, నింటెండో, ప్లేస్టేషన్‌లను అటకమీంచి దించి, చెక్క డబ్బాలో సొంతంగా స్టిక్కు కట్టుకుంటున్న కుర్రాళ్లకు కావలసింది ఆ పనితనమే.

స్టిక్కు లోపల రహస్యమేమీ లేదు. పైన గుండు, దాని కింద ఇనుప కడ్డీ, కడ్డీని మధ్యకు లాగే స్ప్రింగు, నాలుగు దిక్కులా నాలుగు మైక్రోస్విచ్‌లు. కడ్డీ ఎటు వంగితే అటువైపు స్విచ్ 'టిక్' మంటుంది. మూలకు వంగితే రెండు స్విచ్‌లు ఒకేసారి పడాలి. స్విచ్ చేసే పని ఒక్కటే, తన తీగను కామన్ తీగకు, అంటే గ్రౌండుకు, కలపడం. వదిలేసినప్పుడు ఆ తీగ మీద 5 వోల్టులుంటాయి, నొక్కితే సున్నా. జపాన్ తయారీదారులు 1985లో తెచ్చిన 'జమ్మా' పద్ధతిలో ఆర్కేడ్ బోర్డులకు 56 పిన్నుల కనెక్టర్ ఒకటే, సూత్రమూ ఇదే. అందుకే ఒక బోర్డు నేర్చుకున్న మెకానిక్ మరో కంపెనీ బోర్డును కూడా జంకకుండా విప్పేవాడు.

ఆ మెకానిక్కులు పాటించిన వరసను ఇంట్లోనూ పాటించాలి. లోపం చేతి దగ్గర మొదలుపెట్టి కన్సోల్ దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అన్నీ ఒకేసారి విప్పితే ఎక్కడుందో ఎప్పటికీ తేలదు. దారిని మధ్యకు విరిచి చూడాలి. బొమ్మ ఎవరూ ముట్టుకోకుండానే కుడివైపు నడిచిపోతోందనుకోండి. ముందు కుడి స్విచ్ తీగను ఊడదీయండి. నడక ఆగితే తప్పు స్విచ్‌ది: లోపల అతుక్కుపోయి ఉండాలి, లేదా రేకు వంగి ఉండాలి, లేదా తీగను పొరపాటున రెండో కాలుకు టంకం పెట్టి ఉండాలి. ఆ కాలుకు పెడితే పని తిరగబడుతుంది, నొక్కితే ఆగుతుంది, వదిలితే నడుస్తుంది. తీగ తీసినా నడక ఆగలేదంటే స్విచ్ నిర్దోషి. ఇక తీగనూ బోర్డునూ చూడాలి.

ఎక్కువమందిని తిప్పలు పెట్టేది కామన్ వైరు. ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కు, అక్కడినుంచి మరోదానికి గొలుసుగా అది పోతుంది. మొదటి రెండు బటన్లు పలుకుతూ మూడు, నాలుగు, ఐదు మూగబోయాయంటే మూడు బటన్లు ఒకేరోజు చచ్చిపోలేదు. రెండుకీ మూడుకీ నడుమ గొలుసు తెగింది, అంతే. చాలామంది మూడు కొత్త బటన్లు కొనేది ఇక్కడే. కన్సోల్ నుంచి ప్లగ్గు పీకి, మల్టీమీటర్‌ను కంటిన్యుయిటీలో పెట్టి, ఒక ముల్లు ప్లగ్గులోని గ్రౌండు పిన్నుకు ఆనించి, రెండోదాన్ని బటన్ తర్వాత బటన్‌గా జరుపుతూ పోతే బీప్ ఎక్కడ ఆగుతుందో అక్కడే తెగుడు. గొలుసు చివరను మళ్లీ మొదటికి తెచ్చి కలిపితే ఒకచోట తెగినా మిగతావి ఆగవు. ఐదు నిమిషాల పని. కొత్తగా కట్టేవాళ్లు దీన్ని మానకూడదని నా గట్టి నమ్మకం.

సెగా మెగా డ్రైవ్ విషయంలో ఇంకొంచెం బుర్ర పెట్టాలి. దాని మూడు బటన్ల ప్యాడ్‌లో ఏ, బీ, సీ, స్టార్ట్ నాలుగూ రెండే పిన్నుల మీద బతుకుతాయి. ఏ, బీలకు 6వ పిన్ను, సీ, స్టార్ట్‌లకు 9వ పిన్ను. ఏ జత వినాలో 7వ పిన్ను మీద కన్సోలే చెబుతుంది. కాబట్టి ఏ, బీ కలిసి పోతే 6వ తీగను చూడండి. సీ, స్టార్ట్ కలిసి పోతే 9. ఏ, స్టార్ట్ కలిసి పోతే మాత్రం బటన్ల జోలికే వెళ్లొద్దు, 7వ తీగను పట్టుకోండి. ఏవి జంటగా పోయాయో చూస్తే డబ్బా విప్పకముందే లోపం చిరునామా తెలిసిపోతుంది. నింటెండోలో కథ వేరు. అక్కడ 4021 అనే ఐసీ ఎనిమిది బటన్లనూ వరసలో నిలబెట్టి ఒక్కొక్కటిగా ఒకే తీగ మీద పంపుతుంది. వరసలో మొదటిది ఏ. క్లాక్ తీగ తెగితే వరస ముందుకు కదలదు. అప్పుడు 'ఏ' బటన్ ఒక్కటి నొక్కినా అన్నీ నొక్కినట్టు కన్సోల్ పొరబడుతుంది.

ఒక హెచ్చరిక. సెగా, అటారీ, మన బజార్లో దొరికిన టీవీ గేముల్లో చాలావాటికి తొమ్మిది పిన్నుల ప్లగ్గే. ప్లగ్గు దూరిందని లోపలి వరస కూడా కలుస్తుందనుకోకూడదు. సెగాలో 5 వోల్టులు 5వ పిన్నుకు వస్తాయి, అటారీలో 7కి. పిన్నులు సరిచూసుకోకుండా గుచ్చితే ప్యాడ్ పోవచ్చు, కన్సోలే పోవచ్చు.

ఖమ్మం దాటి పాల్వంచ, భద్రాచలం అడవి అంచుకు వెళ్లేకొద్దీ స్టిక్కుకు మరో శత్రువు ఎదురవుతుంది. అదే తేమ. వానాకాలంలో ప్లైవుడ్ ఉబ్బుతుంది. 30 మిల్లీమీటర్ల బటన్‌కు సరిగ్గా 30 మిల్లీమీటర్ల రంధ్రమే వేస్తే ఆషాఢంలో చెక్క బటన్‌ను పిండేస్తుంది, నొక్కింది పైకి రాదు. స్విచ్ మార్చినా లాభం ఉండదు. రంధ్రాన్ని కాస్త వదులు చేసి, చెక్క అంచుకు వార్నిష్ పట్టించాలి. చెక్క డబ్బాకు మర బిగించే బటన్లు వాడాలి, నొక్కి దూర్చే రకం పల్చటి రేకుకే నప్పుతుంది. తేమకు రాగి కాళ్ల మీద పచ్చగా చిలుము కూడా పడుతుంది. పాత రకం రేకు స్విచ్‌లైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన పోస్టుకార్డు ముక్కను రెండు రేకుల నడుమ పెట్టి లాగితే చాలు. గరుకు కాగితంతో రుద్దితే పైపూత పోయి చిలుము ఇంకా త్వరగా పడుతుంది. స్విచ్‌లో నూనె వేయడం మరీ పెద్ద తప్పు, దుమ్మంతా అందులోకే చేరుతుంది. గ్రీజు కడ్డీకి, అదీ ఒక్క చుక్క.

ఈ ఊళ్లు వరదనూ చూశాయి. భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు తాకింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. బురదనీళ్లు తాగిన బోర్డుకు జరిగే చెరుపు చాలావరకు తొందరపడి కరెంటు ఇవ్వడం వల్లే. మంచినీళ్లతో బురద కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరేదాకా ప్లగ్గు ముట్టకూడదు.

ఇంత శ్రమ దేనికని అడిగేవాళ్లుంటారు. రబ్బరు పొర ప్యాడ్ అరిగితే చాలా ఇళ్లలో అది నేరుగా చెత్తబుట్టకే. స్టిక్కులో అరిగేది ఒక స్విచ్, ఒక స్ప్రింగు. దాన్నొక్కదాన్నే మార్చి మిగతాదంతా దాచుకోవచ్చు. తొంభైల నాటి ఆటను అప్పటి చేతి అనుభవంతోనే ఇవాళ పిల్లలకు అందించవచ్చు. ఒకసారి ఇది నేర్చినవాడు ఇంట్లో కాలింగ్ బెల్ మోగకపోయినా స్విచ్ నుంచే మొదలుపెడతాడు. ఈ పద్ధతిని బడిలో నేర్పిస్తే బాగుండునని నిజంగా కోరుకుంటాను.

అన్నీ సరిగ్గా ఉన్నా దెబ్బ ఆలస్యంగా పడుతోందంటే స్టిక్కును వదిలి టీవీని చూడండి. పాత కన్సోల్ బొమ్మను కొత్త ఎల్‌సీడీ తన సైజుకు మార్చుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది. మన దేశపు పాల్ పద్ధతిలో సెకనుకు 50 బొమ్మలు, అంటే ఒక్కోటి 20 మిల్లీసెకన్లు. రెండు మూడు బొమ్మలు వెనకబడ్డా చేతికి తెలిసిపోతుంది. టీవీలో గేమ్ మోడ్ ఉంటే ఆన్ చేయండి. ఎవరింట్లోనైనా పిక్చర్ ట్యూబు టీవీ మిగిలి ఉంటే దానిమీద ఒక రౌండు ఆడి చూశాకే స్క్రూడ్రైవర్ తీయండి.